మడ్‌గార్డు మీద పచ్చగీత

కారు లారీ ఎక్కి వచ్చింది. వాకిట్లో దించుతుంటే అడుగు రేకులోంచి పిడికెడు తుప్పు రాలింది. భర్త వరండాలోంచి తొంగిచూసి, "ఇది కారా, జల్లెడా?" అన్నాడు.

"మా నాన్న కారు," అందామె.

తండ్రి పోయాక అది అన్నగారి పెరట్లో చిరిగిన టార్పాలిన్ కింద ఏళ్లతరబడి వానకి నానింది. పాత ఇనుం వాడికి ఇచ్చేస్తానని అన్న అంటుంటే విని, తనకిమ్మని అడిగింది. అతను పడీపడీ నవ్వాడు.

"తీసుకోవే. దాని మీద మా అందరికన్నా నీకే హక్కెక్కువ. గుద్దింది నువ్వేగా!"

పుట్టింట్లో ఆమె పేరు గుద్దుడమ్మ. కాలేజీ రోజుల్లో, తండ్రి పక్కన లేకుండా మొదటిసారి ఆ కారు బయటికి తీసి, బజారు దాకా వెళ్లొచ్చి, జాగ్రత్తగా షెడ్డులో పెట్టింది. తెల్లారి చూస్తే వెనక ఎడమ మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి, బురద మెత్తుకుని ఉంది. నేను కాదు మొర్రో అంటే వినేదెవరు? తండ్రి చెయ్యి పట్టుకుని గేటు స్తంభం దాకా లాక్కెళ్లింది. "చూడు నాన్నా, దీని మీద గీతైనా పడలేదు."

"స్తంభం రాయి, కారు రేకు. గీతెందుకు పడుతుంది?" అన్నాడు అన్న, తండ్రి నోరు తెరవకముందే. తాళంచెవి అల్మరాలోకి వెళ్లింది. మళ్లీ ఆమె చేతికి రాలేదు.

పెళ్లయ్యాక భర్త కారు ఇన్నేళ్లూ ఆమే నడిపింది. అయినా పుట్టింటివాళ్లు ఒక్కరూ ఆమె బండెక్కరు. ఆమె తాళం తీయడం చూస్తే చాలు, బాబాయి "పిల్లల్ని లోపలికి పిలవండర్రా!" అని కేకేసేవాడు. అందరితోపాటు ఆమే నవ్వేది. తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చిన రోజుతో ఆ నవ్వు పోయింది. ఆమె వచ్చిన కారు వాకిట్లో ఉంది, తాళం ఆమె గుప్పిట్లో ఉంది. "నువ్వొద్దులే తల్లీ, అన్నయ్యని రానీ," అని ఆయన గుమ్మం మెట్టు మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. అన్న ఊరి అవతలి కొస నుంచి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ఆయన దక్కకపోవడానికి ఆ ఆలస్యం కారణం కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. డాక్టరు చెప్పింది తండ్రి సంగతి, ఆమె సంగతి కాదు.

ఇల్లు ఊడిస్తే మూలలు వదిలే మనిషి కాదామె. కారు మూలలూ వదల్లేదు. సీట్లు పీకించింది. స్క్రూడ్రైవరుతో పొడుస్తూ, అది దిగబడిన చోటల్లా సుద్దతో చుట్టింది. వైరు బ్రష్‌తో గీకి, ఎమెరీ కాగితంతో రుద్ది, రేకు మెరిసిన చోట ఆ పూటే ప్రైమరు కొట్టేది. బద్ధకిస్తే తెల్లారేసరికి తుప్పు మళ్లీ పూసేది. కుళ్లిన అడుక్కి అట్టముక్కలతో కొలతలు తీసి, కొత్త రేకు కత్తిరించి, వెల్డింగు అతన్ని ఇంటికే రప్పించింది. ఇంజను మెకానిక్కు చూసుకున్నాడు.

"మొగుడికి సవతిపోరు ఎక్కడైనా విన్నారా? మా ఇంటికి రండి, చూద్దురుగాని," అని భర్త వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

వెనక ఎడమ మడ్‌గార్డు ఆఖరికి మిగిల్చింది. వేలితో తడితే మిగతా రేకంతా ఖంగున మోగేది, అక్కడ మాత్రం గోడలా మొద్దుగా పలికింది. లోపలంతా పుట్టీ. ఉలితో కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆనాటి టింకరింగ్ వాడు ఎంత పనిదొంగో! సొట్టని వెనకనుంచి కొట్టి లేపలేదు సరికదా, కింద పాత రంగైనా గీకకుండా మెత్తి పారేశాడు. వాణ్ణి తిట్టుకుంటూనే ఆఖరి పెచ్చు లేపింది. సొట్ట మధ్యలో, పాత మీగడరంగు మీద, జానెడు పొడుగున పచ్చగీత.

చిలకపచ్చ కాదు. నాచుపచ్చ కూడా కాదు. ఆమె చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది.

ఆ రంగు లోకంలో ఒక్కచోటే ఉండేది. వదిన వాళ్ల నాన్న చెయ్యి చాలా గట్టి. కిటికీలకి మిగిలిన నీలం, వంటింటికి మిగిలిన పసుపు ఒకే డబ్బాలో కలిపి తమ ఇంటి గేటుకి పూయించాడు. ఆ గేటుని ఒక రాత్రి ఎవడో తాగుబోతు గుద్ది పారిపోయాడని, తన తండ్రి వీధి వీధంతటినీ దుమ్మెత్తిపోశాడని వదిన నలుగురు చేరినప్పుడల్లా చెబుతుంది. గుద్దుడమ్మ కథ, తాగుబోతు కథ ఒకే భోజనాల బల్ల దగ్గర ఒకదాని వెనక ఒకటి నడిచేవి. అన్న రెండిటికీ కళ్లనీళ్లు తిరిగేలా నవ్వేవాడు. పెళ్లికి ముందు అతను చాటుగా ఆ వీధిలో చక్కర్లు కొట్టాడని అందరికీ తెలుసు. దేనిలో కొట్టాడో ఎవరూ అడగలేదు.

విని భర్త ఎగిరిపడ్డాడు. "ఫోన్ చేసి కడిగెయ్!"

"ఫోన్లో అయితే నవ్వేస్తాడు. నాకు బాబాయి ఉండాలి, వదిన ఉండాలి. ఎండ బాగా ఉండాలి."

ఆ తర్వాత పని మరింత నిదానంగా సాగింది. మిగతా కారు మీద ఎక్కడా చూపు తట్టుకోకూడదు. తట్టుకుంటే అక్కడే తట్టుకోవాలి. సొట్ట చుట్టూ టేపు అంటించి, రంగు వేసి, నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్ది, మళ్లీ వేసింది. రుద్దుతున్నంతసేపూ ఆమెకి అన్న నవ్వు వినపడుతూనే ఉండేది. చివర్న టేపు పీకి, సొట్ట మీదా పచ్చగీత మీదా రంగులేని వార్నిషు పూసింది. ఇన్నేళ్లూ పుట్టీ కాపాడింది, ఇకమీదట తను కాపాడుతుంది.

ఆదివారం అందర్నీ భోజనానికి పిలిచింది. అన్నా వదినా బాబాయిని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చారు. కడుపునిండా పెట్టి, తర్వాత వాకిట్లోకి తీసుకెళ్లింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది మా అన్నయ్య కారేనా?" బాబాయి చుట్టూ తిరిగి తిరిగి చూశాడు.

అన్న కూడా ఒక చుట్టు తిరిగి, మడ్‌గార్డు దగ్గర ఆగి, ఫక్కున నవ్వాడు. "ఇదిగో చూడు బాబాయ్! అంతా బాగు చేసి, తన సంతకం మాత్రం తుడవలేదు గుద్దుడమ్మ!"

అందరూ నవ్వారు. వదిన నవ్వుతూనే వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఏమండీ, ఇది మా గేటు రంగు కదూ?"

"పచ్చరంగు ఎక్కడైనా దొరుకుతుంది."

"ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న డబ్బాలో కలుపుతుంటే పుల్ల పెట్టి తిప్పింది నేను!" వదిన నిటారుగా నిలబడింది. "ఆ తాగుబోతు మీరా?"

"అది కాదే..."

"మా నాన్న పక్కింటి డ్రైవరే గుద్దాడనుకుని చచ్చేదాకా అతనితో మాట్లాడలేదు. మీరు పక్కన కూర్చుని, అవును మామయ్యా వాడే అయ్యుంటాడని తలాడించారు!"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే, పిల్ల గుద్దలేదా?"

"ఎప్పటి సంగతో అది బాబాయ్. చిన్నతనం. తెలిస్తే నాన్న చంపేసేవాడు." అన్న ఆమె వైపు తిరిగాడు. "అక్కడ కాస్త రంగు పూసెయ్యవే, పోతుంది."

"నాన్న మెట్టు మీద కూర్చున్నాడన్నయ్యా," అందామె. "నీకోసం. నేను తాళం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పోనీ, అప్పుడైనా నీ నోరు పెగలాల్సింది."

అన్న జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"రంగు పూయను. పదండి, దింపుతాను."

బాబాయి ఎవర్నీ చూడకుండా ముందు తలుపు తీసి, ఆమె పక్కన కూర్చున్నాడు. వదిన వెనక ఎక్కి, అన్న చెయ్యి వేసేలోపే తలుపు లాగేసుకుంది.

"గేటు తీయనా?" అన్నాడు అన్న, ఎటు నిలబడాలో తెలియక.

"తర్వాత తీద్దువుగాని. ముందు దాని దగ్గర నిలబడి దూరం చెప్పు. నాకసలే గుద్దే అలవాటు."

అతను మూసిన గేటుకి వీపు ఆనించి నిలబడ్డాడు. కారు నెమ్మదిగా వెనక్కి కదిలింది.

"రా... రా... చాలు."

కదులుతూనే ఉంది.

"చాలు! చాలన్నానా!"

బంపరు అతని మోకాళ్లకి మెత్తగా తగిలి ఆగింది. గేటు లోపలికి తెరుచుకునేది. తెరవడానికి చోటు లేదు, పక్కకి జరగడానికీ లేదు. ఎదురుగా ఎండలో పచ్చగీత తళతళలాడుతోంది.

ఆమె బ్రేకు మీద కాలు తీయకుండా అద్దంలో అతన్ని చూసింది.

"దీన్ని గుద్దిందెవరో చెప్పన్నయ్యా. ముందుకి తీస్తాను."

ఇంజను గుర్రుమంటోంది. అన్న పెదాలు కదిలాయి. "నేనే."

ఆమె చెయ్యి గేరు మీదికి వెళ్లింది. కానీ బాబాయి ఆ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి తిరిగాడు.

"కాస్త గట్టిగా చెప్పరా. ఇక్కడికి వినపళ్లేదు."