మాట్నీకి ముందు సాక్ష్యం

ఆ ఆదివారం ఎస్తర్ రాణి చేత సాక్ష్యం చెప్పించాలని సంఘ పెద్దలు తీర్మానించారు. సాక్ష్యమన్నది పేరుకే. గంజాయి సినిమాలో వేషం వేయడం తప్పయిందని అందరి ముందూ ఒప్పుకోవాలి. లేకపోతే పదకొండేళ్లుగా ఆమె చెబుతున్న సండే స్కూలు క్లాసు ఇంకొకరికి పోతుంది. బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా బతికే ఎస్తర్‌కి ఆ క్లాసే ప్రాణం. పెద్దలకు ఆ సంగతి తెలుసు, తెలిసే అక్కడ పట్టుకున్నారు.

ఆ సినిమాలో పోలీసు కథ ఒకటి, ఎమ్మెల్యే కథ ఒకటి, పట్నంలో కాలేజీ కుర్రాళ్ల కథ ఒకటి, ఇంకా నాలుగైదు. వాటి మధ్య నర్సీపట్నంలో బస్సెక్కి సరుకు మోసే ఆడమనిషి వేషం ఎస్తర్‌ది, ఊళ్లో షూటింగుకొచ్చినవాళ్లు అడిగి వేయించింది, మొత్తం పద్నాలుగు నిమిషాలు. హైదరాబాదు పత్రికలు రెండున్నర రేటింగు పడేసి, జనం ఎక్కువ, కథ తక్కువ అని పెదవి విరిచాయి. సంచీ మీద కాలేసుకుని కూర్చున్న ఆవిడ మాత్రం గుర్తుండిపోతుందని రాశాయి. ఊళ్లోవాళ్లకు రేటింగులతో పనేముంది? తెరమీద తమ నర్సీపట్నం బోర్డు కనబడగానే ఈలలేసి గోల చేశారు. గంజాయి ఊరని చూపిస్తుంటే ఈలలెందుకో వాళ్లకే తెలియాలి. బయటికొచ్చాక మాత్రం ఊరి పరువు తీసిందని ఎస్తర్‌ని తిట్టిపోశారు.

ఎస్తర్ తలమీద ముసుగు సరిచేసుకుని మైకు ముందుకొచ్చింది.

"అందరికీ వందనాలండి. పోయిన క్రిస్మస్ నాటకంలో నాసేత హేరోదు రాజు వేషం ఏయించేరు. బెత్లెహేములో పసిపిల్లలందర్నీ సంపించీసేను. మీరంతా సప్పట్లు కొట్టేరు. దానికి నన్నెవులూ సాక్ష్యం అడగలేదు. మరిప్పుడు సేసిన తప్పేటండి?"

సంఘ పెద్ద దయాకర్ బాబు గారు విసురుగా లేచారు. విశ్వాసులు సినిమా హాలు గడప తొక్కకూడదని నెలనెలా చెప్పేది ఆయనే.

"అది దేవుని వాక్యం, ఇది పాపం! కన్నకూతురి పుస్తకాల కింద గంజాయెట్టి, సెక్‌పోస్టులో పోలీసుతో నవ్వుతా మాటాడతావా? సూసేవోళ్లకి ఒళ్లు మండిపోదా?"

"ఆ సీను ట్రైలర్లో లేదండి" అంది ఎస్తర్. "ఇంటర్వెల్ అయ్యాక వస్తాది."

చర్చంతా ఘొల్లుమంది. దయాకర్ బాబు గారు చప్పున కూర్చున్నారు.

ఎస్తర్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆమె కళ్లు వెనక బెంచీలో ఒక్కతే కూర్చున్న ప్రేమావతమ్మ మీదున్నాయి. ఆవిడ కొడుకు ప్రభుకుమార్ గంజాయి మోస్తూ దొరికిపోయి రెండేళ్లుగా జైల్లో ఉన్నాడు. ఆనాటి నుంచీ ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎస్తర్ కూడా కూర్చోలేదు. వేషం ఒప్పుకున్నాకే ఆ ఇంటికి వెళ్లింది, అదీ మోసేవాళ్ల భయం ఎలా ఉంటుందో కనుక్కోవడానికి. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

"ఓ తప్పుందండి" అంది. "ప్రేమావతి పిన్ని రెండేళ్లు ఒక్కర్తే కూకుంటే సూస్తా ఊరుకున్నాను. అది ఒప్పుకుంతన్నాను. సినిమా తప్పని మాత్రం సచ్చినా ఒప్పుకోను. క్లాసు తీసుకుంటే తీసుకోండి."

పాఠాల పుస్తకం పాస్టరు గారి చేతిలో పెట్టేసింది. నడుచుకుంటూ వెళ్లి వెనక బెంచీలో ప్రేమావతమ్మ పక్కన కూర్చుంది.

కాసేపటికి ప్రేమావతమ్మ చెవి దగ్గర అడిగింది. "నాను ఆ సినిమా సూడలేదమ్మా. ఆకర్ని ఆ మనిషి సచ్చిపోద్దా?"

"లేదు పిన్నీ. జైలుకెల్తాది. కూతురు ఎదురుసూస్తాది."



ఆరాధన ముగిసింది. జనం గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. ప్రేమావతమ్మ ఎస్తర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండేళ్లుగా చర్చిలో పెదవి విప్పని మనిషి అందరికీ వినబడేలా అంది.

"బేగి నడమ్మా. మాట్నీకి టైమైపోతంది."

తెల్లచీరల్లో, చంకలో బైబిళ్లతో, ఇద్దరూ దయాకర్ బాబు గారి ముందునుంచే సినిమా హాలు వైపు నడిచారు.