రెండో సంతకం

పదకొండింటికి వ్యాను వస్తుందని పొద్దున్నే చెప్పేసి కొడుకు బయటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పది దాటింది. స్నానాలగదిలో కోడలు గోడకు ఆనుకుని, మోకాళ్ళు గుండెలకు అదుముకుని కూర్చుంది. ముక్కూ కళ్ళూ ధారగా కారుతున్నాయి. ఆవులింత మీద ఆవులింత. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. లోపల్నుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు కాళ్ళు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. గంటమ్మ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించింది. రెండు గుక్కలు లోపలికి వెళితే మూడు బయటికి వచ్చాయి.

గంటమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. పందొమ్మిదేళ్ళుగా ఆ శివారు కాలనీ బళ్ళో గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ ఆవిడే. కాలనీ కుర్రకారంతా ఆవిడ గంటకు లేచి నిలబడ్డవాళ్ళే కాబట్టి, పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే చొక్కా సర్దుకుంటారు. ఈమధ్య మాత్రం ఆవిడ కనబడగానే చాలామందికి ఫోనులో ఏదో పని గుర్తొస్తోంది.

కోడలు కాలనీ వెనకున్న గిడ్డంగిలో పెట్టెలు కట్టేది. గంటకు తొంభై కట్టాలి; ఆమె నూటపది కట్టేది. తోటివాళ్ళు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన రెండు నెలలకే మళ్ళీ పనిలో చేరింది. పన్నెండు గంటలు నిలబడి చెయ్యాల్సిన పని. నడుం విరిగిపోతోందంటే సూపర్‌వైజరు తన సొరుగులోంచి ఒక మాత్ర తీసి ఇచ్చాడు. నొప్పి పోవడమే కాదు, చేతులు ఇంకా చురుకయ్యాయి. ఆర్డర్లు ముంచుకొచ్చే రోజుల్లో ఆ సొరుగు చాలామంది కోసం తెరుచుకునేది. ఏడాది తిరిగేసరికి, నడుం నొప్పికి కాదు, మాత్ర లేకపోతే వచ్చే బాధకు భయపడి మాత్ర వేసుకోవలసి వచ్చింది. రోజుకు ఒకటి కాస్తా పదకొండయింది. ఒక సాయంత్రం బిడ్డను చంకనేసుకుని కాలనీ గేటు దగ్గరే కూలబడిపోయింది. అందరూ చూశారు.

అప్పుడు అందరికంటే ముందు నోరు చేసుకున్నది గంటమ్మే. బిడ్డను లాక్కుని, గుమ్మం తొక్కొద్దంది. మత్తు అలవాటు మాన్పించే హోం ఒకటి ఉందని సూపర్‌వైజరే దారి చూపించాడు. భర్తా, ఇంటి పెద్దా సంతకాలు పెడితే వాళ్ళే తీసుకెళ్ళి మాన్పించి పంపుతారన్నాడు. గంటమ్మ కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. నలభై రోజుల తర్వాత వెళ్ళి చూస్తే కోడలి జుట్టు కత్తిరించేసి ఉంది. ఎడమ చీలమండ చుట్టూ నల్లగా కమిలిన గీత ఉంది. గంటమ్మ ఆమెను వెంటనే ఇంటికి తెచ్చేసింది. నాలుగో రోజు కోడలు, ఎప్పుడో దాచుకున్న మాత్రలు తీసి పాత లెక్క ప్రకారమే మింగేసింది. పెదాలు నీలంగా మారాయి. ఊపిరి ఉండీ ఉండీ ఆడుతోంది. గంటమ్మ ఆమెను భుజాన వేసుకుని వీధి చివరి చికిత్సా కేంద్రానికి పరుగెత్తింది.

అక్కడి నర్సు ప్రాణం నిలబెట్టింది. తర్వాత గంటమ్మను కూర్చోబెట్టి, ఇది బుద్ధి చెడడం కాదని చెప్పింది. చక్కెర జబ్బులాగే ఇదీ జబ్బేననీ, రోజూ కేంద్రానికి వచ్చి నాలుక కింద కరిగే మందు వేసుకోవాలనీ, ఏడాదో రెండేళ్ళో పట్టవచ్చనీ, మధ్యలో తప్పటడుగు పడినా రావడం మానొద్దనీ చెప్పింది.

"కట్టేసి మాన్పిస్తే ఒళ్ళు అలవాటు మర్చిపోతుందమ్మా, మనసు మర్చిపోదు. బయటికొచ్చి మళ్ళీ పాత లెక్కనే మింగుతారు. ఈసారి అలా జరిగితే వీధి చివరిదాకా తెచ్చే వ్యవధి కూడా ఉండదు" అంది.

ఆ మాట గంటమ్మ గుండెలో దిగిపోయింది. యాభై రోజుల పాటు కోడల్ని తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. మొహంలో కళ తిరిగింది. బిడ్డ మళ్ళీ తల్లి పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. నర్సు అడిగితే కోడలు సొరుగు సంగతి దాచకుండా చెప్పింది. నర్సు చెప్పగా కార్మిక అధికారి, వచ్చే సోమవారం వచ్చి ఆమె చెప్పేది రాసుకుంటానన్నాడు.

ఆ కబురు గిడ్డంగికి చేరింది. బుధవారం గంటమ్మ బళ్ళో ఉండగా సూపర్‌వైజరు పరామర్శకని వచ్చి, బిడ్డకంటూ పళ్ళు ఇచ్చి వెళ్ళాడు. సంచి అడుగున ఒక మాత్రల అట్ట ఉంది. కోడలు ఒక రోజంతా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత మీద కూర్చున్నంత పని చేసింది. రెండో రోజు ఓడిపోయింది. సిగ్గుతో కేంద్రానికి రానంది. ఖాళీ అట్ట నిన్న మధ్యాహ్నం గంటమ్మ కంటపడింది. కొడుకూ చూశాడు. సాయంత్రానికి హోంవాళ్ళతో మాట్లాడేసి వచ్చాడు.

గంటమ్మ నర్సుకు ఫోను చేసింది. వణుకు బాగా పట్టుకున్నాకే మందు ఇవ్వాలనీ, ముందే ఇస్తే బాధ పెరుగుతుందనీ, ఆదివారం కాబట్టి పన్నెండింటిలోగా తీసుకురమ్మనీ నర్సు చెప్పింది.

"నన్ను పంపించెయ్యండి అత్తయ్యా. నావల్ల కాదు" అంది కోడలు, తల ఎత్తకుండా.

గంటమ్మ ఆమె పక్కనే చతికిలబడింది. తడిగుడ్డతో ఆమె మెడ తుడిచింది. మొదటిసారి పంపిన చెయ్యి ఇదే కదా అనుకుంది.

వ్యాను పదిహేను నిమిషాలు ముందే వచ్చింది. ఇద్దరు మనుషులు దిగారు. వెనకే మోటారుసైకిలు మీద సూపర్‌వైజరు. కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉన్న, పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన తన ఇంటి గేటు తెరుచుకుని వచ్చి నిలబడ్డాడు. మేడల మీద బట్టలారేసేవాళ్ళు ఆరేసినవే మళ్ళీ దులుపుతున్నారు. కొడుకు కాగితం అందించాడు. తన సంతకం అప్పటికే పెట్టేశాడు.

గంటమ్మ కాగితం తీసుకుని గుమ్మంలో కూర్చుంది. పిల్లలకు రాసే నల్లబల్లలు తుడుస్తూ నేర్చుకున్న చదువు ఆవిడది. వేలు పెట్టి, పైకే చదివింది. ఆరు నెలల దాకా ఎవర్నీ కలవనివ్వరు. అదుపు చెయ్యడానికి ఏ పద్ధతైనా వాడతారు. ప్రాణహాని జరిగితే హోంకు బాధ్యత లేదు. ఆ ముక్క దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

"పెట్టను" అంది.

కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని గొంతు తగ్గించాడు. తను అదే గిడ్డంగిలో సరుకులెత్తే బండి నడుపుతాడు. "అమ్మా, రేపట్నుంచి నన్ను గేట్లోకి రానివ్వరు. బిడ్డను ఎట్లా సాకుతాం?"

"సొరుగు నువ్వు చూశావు కదరా."

కొడుకు ఆమె చేతిలోంచి కాగితం వెనక్కి తీసుకున్నాడు.

భర్త సంతకం ఉంటే చాలులెమ్మని సూపర్‌వైజరు హోం మనుషులకు సైగ చేశాడు. వాళ్ళిద్దరూ మెట్టెక్కారు. గంటమ్మ లేచి తలుపు రెక్కలు రెండూ పట్టుకుని నిలబడింది. కార్యదర్శి కల్పించుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"మొండికెయ్యకు గంటమ్మా. నలుగురి పిల్లలు తిరిగే వీధి. మా భయం మాకుంటుంది కదా."

"ఉండాల్సిందేనయ్యా. మీ మనవరాలూ అక్కడే పెట్టెలు కడుతోంది. ఈయన సొరుగు తన కోసం ఎన్నిసార్లు తెరిచాడో ఇంటికెళ్ళి అడగండి. కేకలెయ్యకుండా అడగండి. నేను అప్పుడు కేకలేశాను."

సూపర్‌వైజరు ఏదో అనబోయాడు. పెద్దాయన అతని వైపు తిరిగి, అలా చూస్తూ ఉండిపోయాడు. మేడల మీద దులపడాలు ఆగిపోయాయి. మెట్టెక్కినవాళ్ళు ఎవరి మాట వినాలో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

గంటమ్మ లోపలికి వెళ్ళి, నిద్రలో ఉన్న బిడ్డను తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టింది. కాగితం అతని వేళ్ళ మధ్య నలిగింది. మళ్ళీ వెళ్ళి కోడల్ని లేవనెత్తింది. శాలువా కప్పి, జబ్బ కింద చెయ్యి వేసి, ఆ ఇద్దరి మధ్యగా మెట్లు దింపింది.

"అందరూ చూస్తున్నారు అత్తయ్యా."

"చూడనీ. నువ్వు కాళ్ళు చూసుకుని నడువు."

పన్నెండు కావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. వీధి చివరికి రెండు వందల అడుగులు. ఇరవై అడుగులకు ఒకసారి కోడలు కడుపు పట్టుకుని ఆగుతోంది. ఆగినప్పుడల్లా గంటమ్మా ఆగుతోంది. వెనక వ్యాను ఇంజను మోగింది. దాని తలుపు దభీమని పడింది. ఎవరెక్కారో, ఎవరు దిగారో చూద్దామంటే కోడలి బరువంతా ఆవిడ భుజం మీదే ఉంది. నిద్ర చెదిరిన బిడ్డ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు ఇంటి ముందే ఉందో, తమ వెనకే వస్తోందో గంటమ్మకు తెలియలేదు. చెవులు రిక్కించి, ఇంకో అడుగు వేసింది.