ఆఫ్రికా గొల్లభామకు నా కాపలా

ఎవరైనా పలకరిస్తే నా చెప్పులకేసి చూసుకోవడం నాకు అలవాటు. కడప జిల్లాలో పల్లెబడి వదిలి గల్ఫ్ దేశంలోని ఈ అబ్బాసియాకు వచ్చి ఏడాదైనా, ఇక్కడి స్కూల్లో నాకు ఒక్క స్నేహితురాలూ లేదు. అందుకే ఎదురు ఫ్లాట్ వెంకటేశ్వరి తలుపు తట్టి ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టినప్పుడు, లోపల పులి ఉన్నా తీసుకునేదాన్నే.

పులి కాదు, ఆఫ్రికా గొల్లభామ. శుక్రవారం సంతలో కొన్నదట. బ్నీద్ అల్ గార్ పేటలో వాళ్ళ పిన్నికి కాన్పయిందని, కొన్నాళ్ళు అక్కడ ఉండటానికి వెళ్తోంది. పసిబిడ్డ ఉన్న ఇంటికి పురుగును తేవద్దన్నారట. అది ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో చాలాసేపు చెప్పింది. నేను శ్రద్ధగా తలూపాను. నా చెవిలో పడింది ఈగలు అన్న మాటొక్కటే. దీన్ని బాగా చూసుకుంటే స్కూల్లో మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తింటుందేమోనని ఆలోచిస్తున్నాను మరి.

అబ్బాసియాలో ఈగలకు కొదవేముంది? రోజూ పట్టి, కళ్ళు మూసుకుని డబ్బాలోకి వదిలేదాన్ని. లోపల పుల్లలు, ఎండుటాకులే కనిపించేవి. పురుగు కూడా నాలాగే సిగ్గుపడి దాక్కుందనుకున్నాను.

ఒక పొద్దున మూతకు వేలాడుతూ కనిపించింది. కాళ్ళు, కళ్ళు, మీసాలు అన్నీ ఉన్నాయి. కదలిక లేదు. అమ్మ చూసి, పారేసి చెయ్యి కడుక్కోమంది. నేను మాత్రం టిష్యూలో చుట్టి, అద్దం ముందు క్షమాపణ సాధన చేశాను. ఈగలకు ఏదో జబ్బు ఉండొచ్చన్న వాక్యం నాకు బాగా నచ్చింది.

వెంకటేశ్వరి పిన్ని ఇంటినుంచి తిరిగొచ్చి బ్యాగు దించకముందే మొత్తం అప్పజెప్పేశాను. చివర్లో ఏడుపొచ్చింది. అది సాధన చేసింది కాదు.

ఆమె టిష్యూ విప్పి చూసి, డబ్బా తెరిచి, ఒక ఎండుటాకు మీద మెల్లగా ఊదింది. ఆకు ఊగింది. తర్వాత ఆ ఆకే మెడ తిప్పి నావైపు చూసింది.

“చావలేదు మే. పాత తోలు విడిచి పెద్దదైంది. ఎండుటాకు మాదిరే ఉంటాదని చెప్పే పోయినా కదా?”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాము కుబుసాన్ని కర్రతో ఎత్తి మా వీధి పిల్లలందరినీ తరిమినదాన్ని, పురుగు కుబుసానికి ఏడ్చాను. పైగా నిన్నటి నుంచి దానికి ఈగలు కూడా వేయలేదు. ఇదంతా గడగడా చెప్పేశాను.

“పాముదా? నువ్వా తరిమింది?” వెంకటేశ్వరి గుమ్మంలోనే కూలబడింది. “కూర్చో. మొదటినుంచీ చెప్పు.”

కూర్చున్నాను. చెప్తూ చెప్తూ పాము పొడుగు కొంచెం పెంచాను కూడా.