మసక వేయని వాతలు

నంద్యాలలో మా ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పైన ఉంటుంది. అక్కడ నేను చేసే పని చెబితే మా వాళ్లెవరూ నమ్మరు. బెంగళూరులో ఎవరో కంప్యూటర్‌కు ఆపరేషన్లు చూడటం నేర్పిస్తున్నారు. కెమెరా కన్నుతో చూసి ఇది చెయ్యి, ఇది కత్తెర, ఇది పేగు అని అది సొంతంగా చెప్పాలట. చెప్పేదాకా దానికి మేమే పంతుళ్లం. వీడియోను ఎక్కడికక్కడ ఆపి, కత్తెర చుట్టూ ఒక రంగు గీత, పేగు చుట్టూ ఇంకో రంగు గీత గీస్తాం. డాక్టరు పని చేస్తూ మాట్లాడే మాటలు హెడ్‌ఫోన్‌లో విని వాటికి పేర్లు పెడతాం. చేరిన కొత్తలో నాకు అన్నం సహించలేదు. తర్వాత ఆ రక్తం ముందే కూర్చుని ఉగ్గాణి తినడం అలవాటైంది.

రోగి ఎవరో తెలియకూడదన్నది పెద్ద రూలు. మా టీమ్ లీడర్ షాకీర్ రోజూ అదే పాట. ముఖం కనిపిస్తే మసక వెయ్యాలి, పచ్చబొట్టు కనిపిస్తే మసక వెయ్యాలి. వాతల గురించి మాత్రం ఆ రూల్లో ఒక్క ముక్క లేదు. రాసినవాళ్ల ఇళ్లలో పసిబిడ్డకు కడుపుబ్బితే ఆస్పత్రికి ఎత్తుకుపోయి ఉంటారు. మా ఇంట్లో అవ్వ సూది కాల్చి పొట్ట మీద వాతలు పెట్టేది.

ఆ సోమవారం మధ్యాహ్నం నాకొచ్చిన వీడియోలో ఒక ఆడమనిషి పొట్ట మీద గోధుమరంగు మందు పూస్తున్నారు. బొడ్డు పక్కన మూడు వాతలు వరసగా ఉన్నాయి. నాలుగోది వంకరగా పక్కకు జారింది. ఆ వంకర కథ చెప్పుకోకుండా మా ఇంట్లో ఒక్క క్రిస్మస్ కూడా గడవలేదు. పాస్టరు వద్దని తిట్టినా వినకుండా అవ్వ వాతలు పెడుతుంటే, చంటిపిల్ల మా అక్క ప్రమీల ఆమెను కాలితో ఒక్క తన్ను తన్నిందట. సూది జారింది.

వీడియో ఆపి, ఆ వంకర వాతను పెద్దది చేసి చూశాను. అక్కదే. వీడియోలో గొంతు కూడా తెలిసిందే. ఆళ్లగడ్డలో అక్కకు ఆపరేషన్ చేసిన నర్సింగ్‌హోం డాక్టరుది. నిరుడు నా ముందే అక్కతో అన్నాడు, "గర్భసంచి పుచ్చిపోయిందమ్మా, ఉంచుకుంటే క్యాన్సరే" అని. అక్కకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఒక్కతే కూతురు, ఇంకో బిడ్డ కావాలని ఎంత ఆశో. బతికుంటే చాలని ఒప్పుకుంది. అప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, నడుంనొప్పి, వంగి కలుపు తీయలేదు. అయినా బతికించాడని రోజూ ప్రార్థనలో ఆయన పేరు చెబుతుంది.

హెడ్‌ఫోన్‌లో ఆయన కెమెరాతో హాయిగా మాట్లాడుతున్నాడు. "చూడండి, పర్ఫెక్ట్‌లీ హెల్దీ యుటెరస్. ఏ జబ్బూ లేదు. మీ మెషీన్‌కు నేర్పడానికి ఇంతకంటే మంచి పీస్ దొరకదు."

పీస్ అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అదే మాట. ఆ మాట అన్నాక కోసేశాడు.

ఒళ్లు మండిపోయింది. మెషీన్‌కు నిజం చెప్పాడు, మా అక్కకు అబద్ధం చెప్పాడు. మెషీన్ తప్పు నేర్చుకుంటే బెంగళూరువాళ్లు ఊరుకోరు మరి. మా అక్కకు అడిగే దిక్కెవరు?

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున అక్క చేసిన ఫోను. "ఈ పొద్దు బీజానక్కకు ఆపరేషన్ మే. ఆమెకు గూడా సంచి పుచ్చిందంట. భయపడతాంటే నేనే ధైర్యం చెప్పి మన డాక్టరు కాడికే పిల్చుకొచ్చినా. మూడు గంటల పైన లోపలికి తీస్కపోతారంట." బీజాన్ అక్క పక్కింటామె. తోపుడు బండి మీద గాజులు అమ్ముతుంది.

నేను లేచేసరికి షాకీర్ అడ్డమొచ్చాడు. సంగతి చెప్పాను.

"బయట చెప్తే నీ ఉద్యోగం పోతాది లూదియా. చూసింది యాడా చెప్పనని సంతకం పెట్టినావ్."

"నేను పెట్టినా. మా అక్క యాడ పెట్టింది అన్నా?"

అతను తలుపు దగ్గర నుంచి పక్కకు జరిగాడు. పని గంటల్లో మా ఫోన్లు పెట్టి తాళం వేసే బీరువాలోంచి నా ఫోను కూడా తనే తీసిచ్చాడు. మెట్లు దిగుతూనే అక్కకు ఫోన్ చేశాను.

"బీజానక్కను లోపలికి పంపొద్దు. నేనొస్తాండా."

"ఏందిమే? ఏమైంది?"

"వచ్చి చెప్తా. నువ్వు పంపాకు, అంతే."

ఆళ్లగడ్డ బస్సు సిరివెళ్ల దగ్గర ఆగితే డ్రైవర్‌ను కూడా నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతనేం చేశాడు.

నర్సింగ్‌హోం వరండాలో బీజాన్ ఆకుపచ్చ గౌనులో స్ట్రెచర్ మీద పడుకుని ఉంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను. అక్క ముందు నా మీదే లేచింది.

"నోరు మూసుకో. నన్ను బతికించినోడు ఆయప్ప."

"నీ వాతలు చూసినా అక్కా. వంకరది గూడా."

అక్క చెయ్యి చీర మీంచి పొట్ట దగ్గరికి పోయింది. "సంచి బాగుండె అన్నాడా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను.

అప్పుడే డాక్టరు బయటికొచ్చాడు. నుదుటికి పట్టీ, పట్టీకి చిన్న కెమెరా, దాని మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

"ఎవరమ్మా మీరు? పేషెంట్ దగ్గర గొడవ చేయకండి."

"నన్ను గుర్తుపట్టలేదా సారూ?" అంది అక్క.

"రోజూ ఎంతోమంది వస్తుంటారమ్మా."

వరండాలో అందరూ చూస్తుండగా అక్క చీర కుచ్చిళ్లు కిందికి జరిపింది. కోత మచ్చ, దాని పైన వాతలు. డాక్టరు చూపు ఆ వంకర వాత మీద ఆగిపోయింది. ఏడాదిగా దేవుడితో సమానంగా మొక్కిన మనిషి ముఖం ఆయనకు గుర్తులేదు, పొట్ట గుర్తొచ్చింది. నాకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది.

"పుచ్చిన సంచి చూపిచ్చి నేర్పిస్తాండావా సారూ కంప్యూటర్‌కు?" అంది అక్క. "నేను ఇంగో బిడ్డను కనేదాన్ని."

"అదంతా మెడికల్ విషయం, మీకు అర్థం కాదు..."

బీజాన్ సెలైన్ సూది తనే పీక్కుని, చేతి మీద రక్తం కారుతుండగా దిగింది. "యా అల్లా, నాకు అర్థమయింది సారూ" అని వచ్చి మా వెనక నిలబడింది.

డాక్టరు చెయ్యి నుదుటి మీది కెమెరా దగ్గరికి పోయింది. అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆర్పాకు. అప్పుడు పొట్టే తీసినావు. ఇప్పుడు మొహం గూడా తియ్యి."

ఎర్ర లైటు వైపు తలెత్తి, తన పేరు, మొగుని పేరు, ఊరు పేరు చెప్పింది. తర్వాత కెమెరా మీంచి చూపు తీయకుండానే నాతో అంది.

"లూదీ, ఇది మీ ఆఫీసుకొస్తే మసక వెయ్యాకు."