అద్దె ల్యాబు

ఇర్ఫానాకి కాలేజీ మారడం కన్నా వెంకటరత్నం పరువు తీయడమే ముఖ్యం. సీటొస్తే ఎంత, రాకపోతే ఎంత అని పైకి అనేది గానీ, రాకపోతే ఆ మనిషి కిందే ఇంకో రెండేళ్ళు చదవాలి. అది తలుచుకుంటేనే కడుపు మండిపోయేది.

వెంకటరత్నం జగ్గయ్యపేట కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచికి పెద్ద. ఆ బ్రాంచికి ల్యాబు ఉంది, దానికి తాళమూ ఉంది, లోపల మాత్రం ఏమీ లేదు. ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, జి.కొండూరు వైపు నుంచి మోటార్లూ మీటర్లూ బొలేరోలో దిగేవి. వచ్చినవాళ్ళు అటు వెళ్ళగానే ఇటు మళ్ళీ బండెక్కేవి. మొన్న వేసవిలో ఆ బండి తోలుకొచ్చింది ఎవరో కాదు, ఇర్ఫానా నాన్న అన్సార్. కూతురు చదివే కాలేజీకే కిరాయి దొరికిందని మురిసిపోతూ వచ్చాడు పాపం. క్లాసంతా చూస్తుండగా వెంకటరత్నం, "ఒరేయ్, మెల్లగా దించరా, పగిలిందంటే నీ కొంపమ్మినా రాదు" అన్నాడు. అన్సార్ తల వంచుకుని దించాడు.

ఇర్ఫానా ఊరుకుంటుందా? ఇవి తిరిగెళ్ళేలోపు మాకు ఒక్క ప్రయోగమైనా చేయిస్తారా సార్ అని అందరిముందూ అడిగేసింది. దానికి జవాబు ఇంటర్నల్ మార్కుల్లో వచ్చింది. ముప్పైకి ఏడు.

అందుకే నందిగామ కాలేజీకి బదిలీ కోసం అర్జీ పెట్టుకుంది. సోమవారం ఇంటర్వ్యూ. ఎందుకు మారుతున్నావని అడక్క మానరు, మంచి చదువు కోసమని చెప్పి బయటపడవే అని స్నేహితురాలు షమా బతిమాలింది. ఇర్ఫానా వింటేగా. ఆదివారమంతా వాళ్ళ నాన్నని కుర్చీలో కూచోబెట్టి, ఆయనే ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషైనట్టు, ఎదురుగా నిలబడి వెంకటరత్నం బండారమంతా అప్పజెప్పింది. బండి ఎవరిదో మాత్రం చెప్పలేదు. అది బయటపడితే ఇక ఏ కాలేజీ వాడూ ఆయన్ని పిలవడని ఆమె భయం.

అన్సార్ అంతా విన్నాడు.

"బండెవరిదని అడుగుతారు. నాదేనని చెప్పు. రెండు ట్రిప్పులేశానని కూడా చెప్పు" అన్నాడు. "నన్ను ఒరేయ్ అన్నాడు, పడ్డా. నీ మార్కులు కోశాడు చూడు, అది మాత్రం పడను."

సోమవారం నందిగామలో టేబులు వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ కూర్చున్నాయన భవానీప్రసాద్, కాలేజీ యజమాని. ఎందుకు మారుతున్నావని అడగనే అడిగాడు. ఇర్ఫానా గుక్క తిప్పుకోకుండా పేర్లూ తేదీలతో సహా, బండి మా నాన్నదేనని కూడా, మొత్తం కక్కేసింది. ఆయన ముందుకు వంగి, ఒక్క మాట పోనీకుండా విన్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు కూడా. అయిపోయావురా వెంకటరత్నం అనుకుంది ఇర్ఫానా. లోపల ఒకటే సంబరం.

మీ నాన్న ఫోన్ నంబరెంతని అడిగాడాయన. సాక్ష్యం కోసమే కాబోలనుకుని గర్వంగా చెప్పింది.

"సీటిస్తున్నామమ్మా" అన్నాడు భవానీప్రసాద్. "వచ్చే నెల మాకూ ఇన్‌స్పెక్షన్ ఉంది. ఆ మిషన్లు ఎవరిస్తారో మీ నాన్నకి తెలుసుగా, మాట్లాడతాలే."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఇర్ఫానాకి ఒళ్ళు మండింది. అయినా సీటు కాగితం తీసుకుంది, థాంక్యూ సార్ అని కూడా అంది. ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతూ తనని తనే తిట్టుకుంది.

బయటికొచ్చేసరికే అన్సార్ బండి పక్కన నిలబడి ఫోనులో అలాగేనండి, అలాగేనండి అంటున్నాడు. కూతుర్ని చూసి ఫోను అరచేత్తో మూశాడు. ఏం చెప్పమంటావన్నట్టు చూశాడు.

"ఒప్పుకో నాన్నా" అంది ఇర్ఫానా. "ఎక్కించేప్పుడొకటి, దించేప్పుడొకటి ఫొటో తియ్యి. ఈసారి ఇన్‌స్పెక్షన్‌కొచ్చినోళ్ళకే చూపిస్తా."