పాలికల్లో గోధుమ గడ్డి

గంగ ఒడ్డున వాట్‌గంజ్‌లో ఆ ఇంటి వరండా ఎంతటిదంటే, అక్కడ ఒకరు తుమ్మాలంటే రెండోవారు గదిలోకి జరగాలి. ఈ మాట మామగారు పోలిరాజుది. డాక్‌లో బస్తాలు మోసి రిటైరైన ఆ పెద్దమనిషి ఏది చెప్పినా ముప్పావు వంతు తీసేసి వినడం ఆ మేడలో అందరికీ అలవాటే గాని, వరండా విషయంలో మాత్రం ఆయన అంగుళం పెంచలేదు, అంగుళం తగ్గించలేదు.

ఆ కాస్త చోటులోనే కోడలు భాను గోడకానించి ఇనుప రాక్ నిలబెట్టింది. రాక్ నిండా అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ ట్రేలు. వాటిలో కొబ్బరి పొట్టు పరిచి, పై అరల్లో ముల్లంగి, ఆవ మొలకలు, కింది అరలో గోధుమ గడ్డి పెంచుతోంది. గోధుమ గడ్డి వేళ్ళు ఒకదాన్నొకటి ఎంత పెనవేసుకుంటాయంటే, ట్రే బోర్లిస్తే చాపలాగ ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. అలీపూర్‌లో పళ్ళరసాల దుకాణం నడిపే ఘోష్‌బాబుకు కావలసింది ఆ చాపే. వచ్చినవాళ్ళ కళ్ళెదుట కోసి రసం తీసి ఇస్తాడట. ఈ ఉదయం తనే వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే వారం వారం తీసుకుంటాడు. నచ్చలేదా, రాక్ లేచిపోతుంది. అది అత్తగారు అమ్మన్నమ్మ పెట్టిన షరతు. ఆ చోట తన బీరువా పెట్టుకోవాలని ఆవిడ ఎప్పటినుంచో కాచుకుని ఉంది.

భాను లేచి మొహం కూడా కడుక్కోకుండా కింది అర మీద గుడ్డ తీసింది. తీసిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

ట్రేలో గడ్డి లేదు. అంచుల్లో నాలుగు పోచలు, మధ్యలో చెదిరిన కొబ్బరి పొట్టు. ఎలుక పని అనుకుంది. కాని ఎలుక కొరుకుతుంది, పీకుతుంది. గిన్నె బోర్లించి చుట్టూ చాకు తిప్పినట్టు గుండ్రంగా కోసుకుపోదు కదా. ఆ గుండ్రాలు అయిదున్నాయి.

భాను మెల్లిగా గదిలోకి తిరిగి చూసింది. దేవుడి పటాల కింద అయిదు పాలికలు పచ్చగా, నిటారుగా, ఒక్క పోచ వంగకుండా నిలబడి ఉన్నాయి. నిన్న సాయంత్రం దాకా వాటి మీద పసుపు గుడ్డ కప్పి ఉండేది, ఎవర్నీ ఎత్తనిచ్చేది కాదు అమ్మన్నమ్మ.

శ్రావణ మాసంలో ఆడపడుచు రోజారాణి పెళ్ళి చేశారు. పెళ్ళికి మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు పసుపునీళ్ళు చిలకరించి మొలిపించడం, పదహారు రోజుల పండగనాడు వాటిని తీసుకెళ్ళి గంగలో కలపడం వీళ్ళ ఆచారం. మొలక ఎంత ఏపుగా ఉంటే కాపురం అంత బాగుంటుందని నమ్మకం. అమ్మన్నమ్మ చెల్లెలి పెళ్ళిలో పాలికలు మొలవలేదు. ఆ పిల్ల ఏడాది తిరక్కుండా పెట్టె పట్టుకుని పుట్టింటికొచ్చేసింది. అది ఈవిడ కళ్ళతో చూసింది.

పండగ ఈ రోజే. వియ్యపురాలు దుర్గాదేవి ఏక్‌బాల్‌పూర్ నుంచి పాలికలు తీసుకెళ్ళడానికి వస్తోంది.

మంచం కింద నుంచి వాసన వచ్చింది. భాను వంగి చూస్తే బేసిన్ నిండా నల్లబడిన ధాన్యం, దాని మీద బూడిదరంగు నూగు. ఎదురుగా గోడకు చేరగిలబడి అమ్మన్నమ్మ కోడలినే చూస్తోంది. గోళ్ళ సందుల్లో కొబ్బరి పొట్టు ఇంకా ఉంది.

"అత్తా, అది నా గడ్డి."

"మాటాడకు. రోజా అత్త బయల్దేరిపోనాదట. నువ్వు నోరెత్తితే నా పిల్ల బతుకు అంతే."

ఆ గొంతులో అధికారం లేదు, బతిమాలింపు ఉంది. అందుకే భానుకు తిట్టడానికి కూడా చోటు దొరకలేదు. ఘోష్‌బాబుకు ఫోన్ చేసింది, రావద్దని చెబుదామని. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈలోగా మెట్ల మీద గాజుల చప్పుడైంది.

దుర్గాదేవి పొడగరి, మాట తక్కువ. కాళ్ళు కడుక్కుని వచ్చి, ఇచ్చిన పీట మీద కూర్చుని, కాఫీ వద్దని, పాలికల వైపు ఒంగింది. చాలాసేపు చూసింది. చూపుడువేలితో ఒక పోచను పక్కకు వంచింది, ఇంకోదాన్ని వంచింది.

"పెసర మొలకేది ఒదినా? ఉలవేది? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

అమ్మన్నమ్మ గోళ్ళు కొంగులో దాచుకుంది. పోలిరాజు మాత్రం తయారుగా ఉన్నాడు. మొలకల్లో కూడా కులాసాగా కలిసిపోయే రకం ఉంటుందని, తన పెళ్ళి పాలికలైతే ఇంటి కప్పు దాటి పెరిగితే నిచ్చెన వేసి కోయవలసి వచ్చిందని, ఆ గడ్డి మేసిన ఆవు ఆర్నెల్లపాటు పసుపుపచ్చటి పాలిచ్చిందని, ఆ పాలతో తోడు పెట్టిన పెరుగుకు పక్క ఊరి కరణం గుర్రం మీద వచ్చేవాడని చెప్పుకుపోయాడు. మామూలుగా ఆ ఆవు దగ్గరకొచ్చేసరికి ఎవరైనా నవ్వాలి. దుర్గాదేవి నవ్వలేదు. పోచను వదల్లేదు.

అప్పుడే గుమ్మంలో బూట్లు విప్పిన చప్పుడు. ఘోష్‌బాబు. చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు.

నమస్కారం పెడుతూనే ఆయన చూపు నేరుగా పాలికల మీద పడింది. మొహం విప్పారింది. ఇదే, సరిగ్గా ఇదే నాకు కావలసిన గోధుమ గడ్డి, మట్టి పాత్రల్లో పెట్టడం ఇంకా అందంగా ఉంది దీదీ అన్నాడు బెంగాలీలో. ఆ ఇంట్లో బెంగాలీ రానివాళ్ళు ఎవరూ లేరు. దుర్గాదేవి ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టిన మనిషి.

పోలిరాజు నోరు తెరిచి, తన జన్మలో మొదటిసారి, ఏమీ చెప్పకుండా మూసుకున్నాడు.

అందరూ భానునే చూస్తున్నారు. అవును నాదే అంటే రాక్ నిలుస్తుంది, ఆడపడుచు అత్తింట్లో తలెత్తుకోలేదు. కాదంటే ఈ మనిషి మెట్లు దిగిపోతాడు, రేపు ఆ చోట బీరువా వచ్చి కూర్చుంటుంది.

అది పూజది దాదా, మీకోసం పెట్టింది పాడైపోయింది, అని చెప్పింది భాను. ఖాళీ ట్రే కూడా చూపించింది. ఘోష్‌బాబు ట్రేను, పాలికలను మార్చి మార్చి చూసి, వీళ్ళతో పని కాదన్నట్టు బూట్ల వైపు తిరిగాడు. ఒక కాలు దూర్చాడు. రెండో కాలు దూర్చాడు.

"దాదా, ఆగండి." అమ్మన్నమ్మ లేచి నిలబడింది. తర్వాతి మాటలు వియ్యపురాలితో, తెలుగులో. "ఒదినా, మన పాలికలు కుళ్ళిపోనాయి. ఈ గడ్డి నా కోడలిది. సీకటితో లేచి నానే కోసి ఎట్టినాను. దానికి తెలీదు. రోజాని ఏటీ అనకు. అనాలుంటే నన్నను."

దుర్గాదేవి పోచను వదిలింది. కోపమో ఏమో ఆ మొహంలో తెలియలేదు. కుళ్ళినవి ఎక్కడున్నాయని అడిగింది. అమ్మన్నమ్మ బేసిన్ బయటికి లాగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దుర్గాదేవి దాన్ని చూసి, భాను వైపు తిరిగింది.

"నువ్వు పెంచుతావు కదా. సెప్పు. ఎందుకు కుళ్ళినాయి?"

అమ్మన్నమ్మ తల దించుకుంది. భానుకు తెలుసు. పెళ్ళినాడు ఈ దుర్గాదేవే, మా వైపు ఉత్త పసుపునీళ్ళు కాదు, పొద్దునా సాయంత్రం పాలు కూడా పోస్తామని పదిమందిలో చెప్పి వెళ్ళింది. వియ్యపురాలి మాట కాదనలేక ఈవిడ పోసింది. ఆ సంగతి ఈవిడ తన నోటితో చెప్పే వీల్లేదు. కోడలు చెప్పినా కూతురికే చుట్టుకుంటుంది.

"కుండకి అడుగున సిల్లు లేదు పిన్నీ. వానాకాలం, ఎండ తగల్లేదు." భాను ఆగింది. ఆగితే సరిపోయేది. "పైగా పాలు పోసినారు. పాలు పోస్తే బూజు పడతాది."

ఘోష్‌బాబు గుమ్మంలో నిలబడే ఉన్నాడు, ఏం జరుగుతోందో తెలియక.

"పొయ్యమన్నది నానే," అంది దుర్గాదేవి. "మా అత్త నాకు సెప్పినాది. ఆవిడది ఊళ్ళో వాకిలి, ఎండలో ఎట్టేది." పాలికల్లోంచి గడ్డి గుండ్రాలను ఒక్కొక్కటే పైకి లేపి ట్రేలో పెట్టింది. కుళ్ళిన ధాన్యాన్ని చేత్తోనే తీసి పాలికల్లో నింపడం మొదలుపెట్టింది. "ఇయ్యి నా కొడుకు పేరు సెప్పి సల్లిన గింజలు. ఎలాగున్నా ఇయ్యే గంగలోకెళ్ళాల. ఎవుల గడ్డో అట్టుకెళ్ళి ఏటని మొక్కుతాను?"

అమ్మన్నమ్మ పక్కన కూర్చుని చేయి కలిపింది. ఇద్దరి మోచేతుల దాకా నల్లటి మురికి.

ఘోష్‌బాబు ట్రేలో గడ్డి తీసి వాసన చూశాడు. దాని మీద పసుపు, కుంకుమ, పాల చుక్కలు. ఇది ఎవరికీ తాగించలేనని చెప్పాడు. తర్వాత రాక్ దగ్గరకు వెళ్ళి ట్రేల చిల్లులు, ముల్లంగి మొలకలు, కొబ్బరి పొట్టు తడి, అన్నీ వేలు పెట్టి చూసి, వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తానని, ఈసారి గడ్డి మీద దేవుడి పని పెట్టొద్దని అన్నాడు. భాను అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల ఎత్తకుండానే, వస్తే రమ్మను, రాక్ ఎక్కడికీ పోదులే అంది.

గంగకు వెళ్ళడానికి దుర్గాదేవి రెండు పాలికలతో ముందు నడిచింది, వెనక మరో రెండింటితో అమ్మన్నమ్మ. పోలిరాజు మెట్ల మీద ఘోష్‌బాబు భుజం మీద చేయి వేసి, ఊళ్ళో తను పెంచిన గోధుమ గడ్డిలో ఒకసారి ఏనుగు తప్పిపోయిన సంగతి మొదలుపెట్టాడు. భాను గోధుమలు కడిగి గిన్నెలో నానబోసి, మూత పెట్టి, మిగిలిపోయిన అయిదో పాలికను ముక్కు పక్కకు తిప్పుకుని ఎత్తుకుంది.