బామ్మర్ది పట్టిన తాడు

చెంచులు దవాఖానకు రారు, మందంటే పారిపోతారు అని కాగితాల మీద రాసుకున్నది పై ఆఫీసుల్లో కూర్చున్న మీరు. గేటుకు తాళమేసి, రోగిని లోపల ఒంటరిని చేసి, వెంట వచ్చినవాళ్లను రోడ్డు మీదికి తరిమింది కూడా మీరే. తలుపు మూసినవాడే ఎవరూ రాలేదని అంటే ఎట్లా? చిగుర్ల బయన్న కాలు సంగతి చెప్తాను, వినండి.

బయన్నది అమ్రాబాద్ గుట్టల్లో ఓ చెంచుపెంట. నాలుగు గుడిసెల ఊరు. ఎండాకాలం వస్తే కొండ అంచున తాడు మీద వేలాడి తేనె తీస్తాడు. ఆ తాడును పైన ఎవరు పడితే వాళ్లు పట్టకూడదు, భార్య తోడబుట్టినవాడే పట్టాలి. బయన్న భార్య ఈదమ్మ, ఆమె తమ్ముడు గురవయ్య. అయితే పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలానికి బావాబామ్మర్దులకు మాటల్లేవు. గురవయ్య పెంచుకునే ఎర్రకుక్క, అతని అక్క పోసే గంజికి మరిగి బయన్న గుడిసె ముందే పడుకుంటోంది. బావే మచ్చిక చేసుకున్నాడని గురవయ్య అలిగాడు. నీ కుక్కకే నువ్వు నచ్చలేదు పో అన్నాడు బయన్న. దాంతో రాకపోకలు బంద్.

పౌరుషానికి పోయి బయన్న తాడును ఒక చెట్టు మొద్దుకు కట్టి ఒక్కడే దిగాడు. కొద్దిగా దిగాడో లేదో పుచ్చిన మొద్దు ఊడొచ్చింది. బండ మీద పడితే మోకాలి కింద ఎముక విరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చింది.

డోలీ కట్టి శ్రీశైలం బాటలోని ఒక దవాఖానకు మోసుకొచ్చారు. డాక్టరు రఘుపతి కుర్రవాడు, చెడ్డవాడు కాదు. మత్తు ఇచ్చి ఎముక సరిచేయాలి, ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వస్తుంది అన్నాడు. కాలు పోతే కొండ పోయినట్టే. కొండ పోతే చెంచుకు ఇంకేం మిగులుతుంది?

మోసుకొచ్చినవాళ్లను గేటు బయటికి నెట్టారు, రూలట. లోపల మత్తుగుడ్డ ముక్కు దగ్గరికి తేగానే బయన్న దాన్ని విసిరికొట్టాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. అడవి మనిషికి మనమేం చేస్తామని కాంపౌండరు చేతులు దులుపుకున్నాడు.

మధ్యాహ్నం డాక్టరు అన్నానికి బయటికొస్తే ఈదమ్మ అడ్డం నిలబడింది.

"దొరా, గా మందు పీలిస్తె మనిషి యాడికి పోతడు?"

"ఎక్కడికీ పోడమ్మా. నిద్రపోతాడు. ఏమీ తెలియదు."

"తెలివి లేకుంట లోతుకు దిగుడే గద. మరి పైన తాడెవలు పడుతున్నరు?"

డాక్టరుకు అంతుపట్టలేదు. ఆమె కొండ సంగతి, తాడు సంగతి విడమరిచి చెప్పింది.

"అతని అన్నదమ్ములు లేరా? వాళ్లలో ఎవరైనా పట్టొచ్చుగా."

"ఉన్నరు. అన్నదమ్ముడు ఏదన్న కడుపుల పెట్టుకోని ఇడిస్తె ఇడువొచ్చు. అక్క ముండమొయ్యాల్నని తమ్ముడు కోరుకుంటడా? గందుకే బామ్మర్దే పట్టాలె."

డాక్టరుకు తన ఇంట్లో పొలం పంపకాలు గుర్తుకొచ్చాయో ఏమో, గేటు పట్టుకుని నవ్వాడు.

"రేపు పొద్దున్నే పిలుచుకురా. అంతకన్నా నేను ఆగినా ఆ కాలు ఆగదు."

అక్క పోయి పిలిస్తే, అలక తీరకుండానే పొద్దున గురవయ్య వచ్చాడు. భుజం మీద నారతాడు, వెనక ఎర్రకుక్క. గేటు దగ్గర ఆయా సత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మనిషిని రానిచ్చుడే ఎక్కువంటె కుక్కను గూడ తెచ్చినవా?"

"నా ఎంట రాలె. మా అక్క ఎంట వచ్చింది," అన్నాడు గురవయ్య ముఖం మాడ్చుకుని.

మట్టి అంటిన తాడు లోపలికి వద్దు, కత్తెరలతో పాటు మరిగించమన్నాడు డాక్టరు. సత్తమ్మ గిన్నెలోకి తొంగిచూసింది.

"జర ఉప్పు కారం గూడ ఎయ్యమంటవా సారూ?"

ఉడికిన తాడును బయన్న నడుముకు కట్టారు. రెండో కొస మణికట్టుకు చుట్టుకుని గురవయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని ముక్కుకూ నోటికీ శుభ్రమైన గుడ్డ కట్టినా మాట ఆగలేదు.

"మొద్దును బామ్మర్దిని చేసుకున్నవంట గద బావా. మంచిగ పట్టిందా?"

"అది అలుగదు. నీకన్న నయం."

"సరె పండు. నేను ఇడువ."

"కుక్కను తీస్కపోరా."

"అది రాదు గని, తాడు ఫికర్ పెట్టుకోకు."

ఈసారి బయన్న మత్తుగుడ్డను తోసేయలేదు. తేనె తీసేటప్పుడు పైనున్నవాడు పాడుతుండాలి, కింద వేలాడేవాడికి అదే ధైర్యం. గురవయ్య పాట ఎత్తుకున్నాడు. గొంతు రంపం కోసినట్టుంది. ఆపమన్నాడు కాంపౌండరు. పాడనీ, నాకు కూడా ధైర్యంగానే ఉంది అన్నాడు డాక్టరు.

ఎముక కటుక్కుమని కలిసేసరికి పాట ఆగింది. అందరూ తిరిగి చూశారు. గురవయ్య కళ్లు తేలేసి గోడకు జారి కూర్చున్నాడు. తాడు మాత్రం మణికట్టుకు అట్లనే బిగిసి ఉంది. సత్తమ్మ ముఖం మీద నీళ్లు కొట్టి చెయ్యి పట్టి గుంజబోయింది.

"ఆ చెయ్యి గుంజకు," అన్నాడు డాక్టరు. "ఇక్కడ బల్ల మీదాయన లేస్తాడు."

కట్టు కట్టిన చాలాసేపటికి బయన్నకు తెలివొచ్చింది. కాలు చూసుకోలేదు. నడుము తడుముకుని తాడును ఒక్కసారి లాగాడు. తలుపు దగ్గరినుంచి తిరుగు గుంజు వచ్చింది.

"ఉన్న బావా."

"పాట ఆపినవేందిరా?"

"జర దమ్ము తీసుకున్న."

సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పరిగెత్తింది.

కాలు నిలిచింది. మరుసటి ఎండాకాలం బయన్న కొండ దిగాడు, పైన గురవయ్య, వాడి పక్కన ఎర్రకుక్క. మొదటి కుండ తేనె దవాఖానకే వచ్చింది. డాక్టరు మోచేతుల దాకా కార్చుకుని తిన్నాడు. గేటు తెరిచిపెట్టి, రోగులకు తోడొచ్చినవాళ్లకు పెరట్లో నిప్పు రాజేసుకునే జాగా ఇచ్చాడు. ఇంకేముంది, జ్వరాలొచ్చినవాళ్లు, కళ్లు కనపడనివాళ్లు గుట్టలు దిగి నవ్వుకుంటూ వచ్చారు. చెంచులు రారన్నది ఎవరు?

డాక్టరును బదిలీ చేశారు మీరు. గేటుకు మళ్లీ తాళం పడింది.

ఈదమ్మకు ఇప్పుడు నెలలు నిండాయి. కడుపు నిమురుకుంటూ, ఈపాలి తాడు నాకు గావాలె అని నవ్వుతోంది. ఆమె తాడు ఎవరు పట్టాలో ఆమెనే అడగండి. ఆ మనిషికి కాన్పుగది తలుపు దగ్గర చోటివ్వండి. పెరట్లో ఆర్పేసిన నిప్పు మళ్లీ రాజేయనివ్వండి. రూలు అడ్డమొస్తే రూలును చింపేయండి. ముందు ఆ గేటు తాళం తీయండి, ఈరోజే.